ముత్తవ్వ పోసిన కట్టు

ముత్తవ్వకు నోరు జాస్తి. కొడిమ్యాలలో పుట్టినప్పుడే ఊరు ఊరంతా ఉలిక్కిపడేలా ఏడ్చిందని వాళ్లమ్మ చెప్పుకునేది. ఎర్రమట్టిపెల్లికి కోడలై వచ్చిన వారానికే బావి దగ్గర నలుగురు ఆడవాళ్లతో కొట్లాడి, ఎనిమిదో రోజున ఆ నలుగురితోనే కలిసి కలుపుకు పోయింది. కోపం మనసులో పెట్టుకునే మనిషి కాదు. అలాగని నోరు అదుపులో పెట్టుకునే మనిషీ కాదు. సారంగాపూర్ దిక్కు పోయే బస్సు దిగి, పొలం గట్ల మీద మైలున్నర నడిస్తే వచ్చే ఊరది. ఇవాళ అక్కడ ఎవరినైనా అడగండి, "ముత్తవ్వనా, అబ్బో!" అని నవ్వుతారు. నవ్వి కాసేపు మాట్లాడరు. ఎందుకు మాట్లాడరో తెలియాలంటే డెబ్భై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలానికి పోవాలి.

ముత్తవ్వ మొగుడు రాజన్న, బాపు రావు దొర దగ్గర జీతగాడు. జీతగాడంటే నెల తిరిగేసరికి చేతిలో ఇంత పడే ఉద్యోగం అనుకునేరు! ఉగాదికి ఒప్పుకుంటే మళ్లీ ఉగాది దాకా కోడి కూసింది మొదలు దొర పొలంలో, దొర కొట్టంలో, దొర వాకిట్లో పడి చాకిరి చేయడం. దానికి బదులుగా గడి అనే దొర బంగళాలోని ధాన్యపు గుమ్మి నుంచి గింజలు కొలిచి పోస్తారు. ఏ గింజలన్నది దొర ఇష్టం. మంచి ఏడాదిలో సగం జొన్నలు, సగం లంకలు. లంకలంటే కందిపప్పుకు పేద చుట్టం లాంటి పప్పుగింజలు. చిన్న గొడ్డలి మొన లాగా మూలలు తేలి ఉంటాయి. వరి కోసిన మడిలో చల్లి మరిచిపోయినా పండుతాయి, నీళ్లు అడగవు, ఎరువు అడగవు. అందుకే దొరకు వాటి మీద అంత ప్రేమ. తినడానికి కాదు లెండి, పంచడానికి.

డెబ్భై ఏడులో వానలు ముఖం చాటేశాయి. దొర తన జొన్నలన్నీ బండ్లకెత్తి జగిత్యాల గంజి మార్కెట్టుకు తోలి, జీతగాళ్లకు మొత్తం లంకలే కొలిపించాడు. ఆరు నెలలు ఆ ఊళ్లో పేదవాళ్ల పొయ్యి మీద పొద్దునా లంకలే, మాపూ లంకలే. రొట్టె చేసినా ఆ పిండే, పప్పు వండినా ఆ పప్పే.

ఇక్కడ ఆ ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. పప్పు ఉడికాక పైన పచ్చగా తేరే నీళ్లను కట్టు అంటారు కదా, సత్తువంతా అందులోనే ఉంటుందని ఆడవాళ్ల నమ్మకం. పప్పు ఎవరైనా తినవచ్చు. కట్టు మాత్రం నాగలి పట్టేవాడికే. ముత్తవ్వ అత్తగారింటికి వచ్చేటప్పుడు వాళ్లమ్మ చెప్పిన బుద్ధుల్లో అదొకటి. "మొగోడు బరువు మోస్తడు బిడ్డా, కట్టు ఆయనకే పొయ్యాలె. ఆడోళ్లు తాగితే ఇల్లు నిలవదు." ముత్తవ్వ ఆ మాట జవదాటలేదు. ఆరేళ్ల కూతురు గిన్నె చాచి అడిగినా, "అయ్యకే! నీకు పప్పున్నది తిను" అని కసిరేది. ఇంత ఉప్పు, ఇంత మిరప్పొడి, రెండు చింతపిక్కలంత చింతపండు వేసి, పొగలు కక్కే కట్టు ఇత్తడి చెంబు నిండా పోసి రాజన్న ముందు పెట్టేది. అతను గటగటా తాగి మూతి తుడుచుకుంటుంటే ఆమెకు కడుపు నిండేది. మొగుడి మీద ప్రేమ చూపించడానికి ఆమె చేతిలో ఉన్నది ఆ ఒక్కటే.

రాజన్నవి ఎలాంటి కాళ్లు! కొండగట్టు గుట్ట ఒక్క బిగిన ఎక్కేవాడు. కబడ్డీ కూతకు పోతే మల్యాల వాళ్లు సైతం గీత వదిలి వెనక్కి జరిగేవాళ్లు. అలాంటి మనిషి శివరాత్రి దాటాక ఒకరోజు పొలం నుంచి వస్తూ గట్టు మీద పడ్డాడు. పిక్కలు బిగుసుకున్నాయన్నాడు. వారం తిరిగేసరికి మడమ నేలకు ఆనడం మానేసింది. ఉగాది నాటికి మునివేళ్ల మీద, మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటూ, రెండు కర్రలు లేనిదే నాలుగడుగులు వేయలేకపోయాడు. నొప్పి లేదు, జ్వరం లేదు. కాళ్లు మాత్రం చెప్పిన మాట వినడం లేదు.

ముత్తవ్వ అతన్ని బస్సెక్కించి కోరుట్ల తీసుకుపోయింది. అక్కడ అమీనుద్దీన్ పహిల్వాన్ విరిగిన ఎముకలకు పట్టీలు కట్టడంలో పేరుమోసినవాడు. ఆయన రాజన్న కాళ్లు నొక్కి నొక్కి చూసి తల అడ్డంగా ఊపాడు. "ఎముక సాఫ్ ఉన్నది బిడ్డా. నరం గుంజుతున్నది. నా పట్టీతోని గాదు. అబద్ధం చెప్పి నీ దగ్గర పైస తీసుకోను" అన్నాడు. ముత్తవ్వ తిరుగు బస్సులో ఊరు వచ్చేదాకా ఏడ్చింది.

ఊళ్లోకి వచ్చేసరికి తోటి జీతగాడు పోశం పడిపోయాడని తెలిసింది. తర్వాత ఓదెలు. ఆ తర్వాత, ఊరికి పెద్దమనిషే అయినా దొర గింజల మీదే బతికే రామస్వామి చిన్న కొడుకు. నాలుగు ఇళ్లు, నలుగురు మగవాళ్లు, నలుగురికీ అవే కాళ్లు. ఇంక ఊరు ఊరుకుంటుందా? బాణామతి అన్నారు. ఎవరో మంత్రం పెట్టారు అన్నారు. ఎవరా ఎవరో అన్నది మాత్రం ఎవరూ అనలేదు.

అన్నది ముత్తవ్వ.

శంకరవ్వ ఆ ఊరి మంత్రసాని. మొగుడు పోయి ముప్పై ఏళ్లు, పిల్లలు లేరు, ఊరి చివర ఒంటి గుడిసె. ఊళ్లో సగం మంది ఆమె చేతుల్లోకి జారి భూమ్మీద పడినవాళ్లే. రాజన్న కాళ్ల సంగతి విని ఎవరూ పిలవకుండానే ఆముదం తెచ్చి మూడు రోజులు పిక్కలు రుద్దింది. నాలుగో రోజు రాజన్న అసలు లేవలేకపోయాడు. ఆ కడుపుమంటలో బావి దగ్గర పది మంది ముందు ముత్తవ్వ నోరు జారింది. "గా ముసల్ది కాలు పెట్టినంకనే నా మొగడు మంచం పట్టిండు. పోశం ఇంటికి పోయింది, ఆయన పడిండు. ఓదెలు ఇంటికి పోయింది, ఆయన పడిండు. ఇంకేం గావాలె?" అంది.

మంత్రసాని ఏ ఇంటికి పోదు? కానీ ఏడ్చే మనిషి లెక్క అలా ఉండదు. వినేవాళ్లకూ ఆ లెక్కే నచ్చింది. మూడు రోజుల్లో ఆ మాట ఊరంతా తిరిగి, ముత్తవ్వ దగ్గరికే తీర్పై వచ్చింది. బుధవారం పొద్దున చావడి ముందర శంకరవ్వ పళ్లు పీకాలి. పళ్లు పోతే మంత్రం నోట పలకదని వాళ్ల శాస్త్రం. ఆపైన బతికితే ఊరు వదిలి పోవాలి. సోమవారం నాడే ముసలిదాన్ని తెచ్చి చావడి గుంజకు కట్టేశారు. డెబ్భై ఏళ్లు దాటిన మనిషికి నోట్లో మిగిలినవే ఐదారు పళ్లు! వాటి కోసం కమ్మరిని పటకారుతో రమ్మన్నారు.

ముత్తవ్వ ఆ దారిన పోవడం మానేసింది. అడిగితే ఎండ అనేది.

ఆ ఎండాకాలం సెలవుల్లోనే హైదరాబాదు, వరంగల్ కాలేజీల పిల్లలు ఊళ్లకు వచ్చి కూలి సంఘాలు పెట్టమని చెబుతున్నారు. ఎర్రమట్టిపెల్లికి ముగ్గురు వచ్చారు, ఇద్దరు మగపిల్లలు, ఒక ఆడపిల్ల. ఆ పిల్ల పేరు రత్నమాల. కోరుట్ల దిక్కు దొరల బిడ్డే అయినా ఆ సంగతి చెప్పుకునేది కాదు. హైదరాబాదులో ఒంట్లోని రసాయనాల గురించి పెద్ద చదువు చదువుతోంది. శంకరవ్వను కట్టేయడం చూసి ముగ్గురూ పెద్దమనుషులతో వాదించారు. నిన్నగాక మొన్న వచ్చిన పిల్లల మాట ఎవరు వింటారు? మగపిల్లలిద్దరూ సంఘం పెద్దలను తీసుకొస్తామని జగిత్యాల పోయారు. ఎంత తొందరగా వచ్చినా బుధవారం మధ్యాహ్నమవుతుంది. రత్నమాల మంగళవారం పగలు తిన్నగా ముత్తవ్వ ఇంటికి వచ్చింది.

ముత్తవ్వ చాటలో లంకలు పోసుకుని రాళ్లు ఏరుతోంది. రాజన్న లోపల మంచంలో ఉన్నాడు.

"అక్కా, ముందుగాల శంకరవ్వ పేరు తీసింది నువ్వేనట గదా. నువ్వు చెప్తే ఇంటరు. జెర ఆపరాదు?"

"నీ పెండ్లయిందా బిడ్డా? కాలేదు. నీ మొగడు కండ్ల ముందట గిట్ల పడితే అప్పుడు రా, మాట్లాడుకుందాం."

రత్నమాల చూపు చాట మీద పడింది. నాలుగు గింజలు తీసి అరచేతిలో వేసుకుని చూసింది. "ఇవి ఎన్ని రోజుల నుంచి తింటున్నరు?" అంది.

"దసరా నుంచి ఇవే. అప్పటి నుంచి జొన్నలు కండ్ల చూడలె. ఎందుకు?"

"అక్కా, మంత్రం గాదు, మాయ గాదు. కాళ్లు తీస్తున్నయి ఇవి."

ముత్తవ్వ నవ్వింది. రత్నమాల నవ్వలేదు. చాట పక్కన కూలబడి చెప్పడం మొదలుపెట్టింది. "కాలు కదలాల్నంటే మెదడు నుంచి నరానికి కబురు పోవాలె. నరం మీద సన్నసన్న తలుపులుంటయి. మన ఒంట్లనే ఒక ఆమ్లం ఉంటది, గ్లుటమేటు అంటరు. అది వచ్చి తలుపు తడితే తెరుసుకుంటది, కబురు లోపలికి పోతది, మల్ల మూసుకుంటది. ఈ లంకల ఇంకో ఆమ్లం ఉన్నది. చూస్తే దానికి తోడబుట్టినట్టే ఉంటది, నరం గుర్తుపట్టది. ఇది తలుపు కొడితే ఇగ కొడుతనే ఉంటది. నరానికి నిమ్మలం ఉండదు. ఆగమై ఆగమై ఆఖరికి సచ్చిపోతది. మా హైదరాబాదులనే ఈ గింజల నుంచి దాన్ని బయటికి తీసి సూసిండ్రు."

"మరి నేను తింటున్న. నా బిడ్డ తింటున్నది. మా కాళ్లు మంచిగనే ఉన్నయి గదా?"

"ఎంత లోపలికి పోయింది అనేదాన్ని బట్టి ఉంటది. అసలు తినకపోవుడే మంచిది. కానీ తినక తప్పకుంటే ఒక ఉపాయమున్నది. ఆ ఆమ్లం నీళ్లల్ల కరుగుతది. పప్పును వేడినీళ్లల్ల నానబెట్టి, ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోస్తే చానా మట్టుకు పోతది."

ముత్తవ్వ చేయి ఆగిపోయింది. "ఏ నీళ్లు?"

"ఉడికిన నీళ్లు."

"కట్టా?"

"ఆఁ. విషమంతా అండ్లకే దిగుతది. పప్పుల తక్కువనే మిగులుతది." రత్నమాల సంతోషంగానే చెప్పింది. మంచి కబురే కదా మరి! ఆ పిల్లకేం తెలుసు? ముత్తవ్వ చేతిలోంచి చాట జారి లంకలన్నీ నేలపాలయ్యాయి. దసరా నుంచి ఈ పొద్దు దాకా పొద్దునొక చెంబు, మాపొక చెంబు. తను తాగకుండా, బిడ్డకు పోయకుండా, చుక్క మిగల్చకుండా.

"ఏమైందక్కా?"

"ఏం కాలె. నువ్వు పో బిడ్డా. జెరసేపు పో."

రత్నమాల పోయాక ముత్తవ్వ లోపలికి పోలేదు. మంచం మీది మనిషి ముఖం ఎలా చూస్తుంది? కొంగు నడుముకు దోపి వీధిన పడింది. ఎవరితో కొట్లాడడానికి పోతోందో అనుకున్నారు చూసినవాళ్లు.

మొదట పోశం ఇంటికి పోయింది. పోశం పెళ్లాం లస్మవ్వ వాకిలి ఊడుస్తోంది. "మీ ఇంట్ల కట్టు ఎవలు తాగుతరే?" అని అడిగింది. "ఇంకెవలు, ఆయనే. నేనేమన్న సిగ్గులేనిదాన్నా?" అంది లస్మవ్వ. ఓదెలు ఇంట్లో ఓదెలే తాగుతాడు. రామస్వామి ఇంట్లో ఆయన భార్య, "సిన్నోడు రెండు గిన్నెలు తాగుతడు. పెద్దోనికి కడుపుల మంట లేస్తదని చిన్నప్పటి నుంచి ముట్టడు" అంది. పెద్దవాడు అప్పుడే భుజాన గొర్రు పెట్టుకుని చకచకా నడిచి వస్తున్నాడు. ముత్తవ్వ అతని కాళ్ల వంక చూసి, ఆ వాకిట్లోనే గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఇంకా ఏదైనా అనుమానం మిగిలి ఉంటే అక్కడితో పోయింది.

ఇప్పుడు ఆమె ముందు ఉన్నవి రెండే దారులు. నోరు మూసుకుంటే రేపు శంకరవ్వ పళ్లు పోతాయి, బహుశా ప్రాణమే పోతుంది, ముత్తవ్వ మాత్రం పాపం మొగుడు పడిన ఇల్లాలిగా మిగులుతుంది. నోరు విప్పితే, కట్టుకున్నవాణ్ని తన చేత్తోనే కుంటివాణ్ని చేశానని ఊరందరి ముందు ఒప్పుకోవాలి. ఆ సాయంత్రం కట్టు పారబోసి మొగుడికి వట్టి పప్పు పెట్టింది. "కట్టేదే?" అని అడిగాడతను. "లేదు" అంది.

బుధవారం పొద్దున చావడి ముందు ఊరంతా చేరింది. కమ్మరి వచ్చాడు గానీ పటకారు పైకి తీయకుండా వీపు వెనక దాచుకుని నిలబడ్డాడు, అతన్నీ ఈ లోకంలోకి తెచ్చింది శంకరవ్వే. గుంజకు కట్టిన ముసలిది తల వాల్చి ఉంది. రామస్వామి కండువా సర్దుకుని, "ఇగ కానియ్యి" అన్నాడు. రత్నమాల అడ్డం పోబోతే ఇద్దరు పట్టి వెనక్కి లాగారు.

"ఆగుండ్రి!" అని ఒక కేక వినబడింది. ఆ గొంతు ఎవరిదో ఊళ్లో అందరికీ తెలుసు.

ముత్తవ్వ జనాన్ని తోసుకుంటూ వచ్చి గుంజ ముందు నిలబడింది. "శంకరవ్వ ఏం చెయ్యలె. మంత్రం లేదు ఏం లేదు. మన లంకల్ల విషమున్నది. అది కట్టుల దిగుతది. నా మొగనికి ఆరు నెలలు పొద్దుమాపు కట్టు పోసిన. నేనే పోసిన. ఈ అవ్వ పేరు తీసింది గూడ నేనే. పండ్లు పీకాల్నంటే నావి పీకుండ్రి."

ముందుకు ఉరికింది ఎవరనుకున్నారు? లస్మవ్వ. వచ్చి ముత్తవ్వ చెంప చెళ్లుమనిపించింది. "అంటే నా మొగని కాళ్లు నేనే ఇరగ్గొట్టిన్నా? గదేనా నువ్వనేది?" అని అరిచింది. వెనకాల ఓదెలు పెళ్లాం శాపనార్థాలు అందుకుంది. రామస్వామి భార్య కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. నిజం మరి అంత బరువుగా ఉంటే ఎవరెత్తుకుంటారు? మంత్రగత్తె ఉందనుకుంటే ఎంత సుఖం!

ముత్తవ్వ చెంప తడుముకుంటూనే గొంతు పెంచింది. "కొట్టవే లస్మీ, ఇంకోటి కొట్టు. కానీ నా మాట ఇను. పడిన నలుగురు కట్టు తాగినోళ్లే. ఆడోళ్లల్ల ఒక్కదానికన్న కాళ్లు పోయినయా? రామస్వామి మామా, నీ ఇంట్ల ఇద్దరు కొడుకులు. ఒక్క పొయ్యి, ఒక్క పప్పు. పెద్దోడు కట్టు ముట్టడు, ఆని కాళ్లు సూడు. సిన్నోడు రెండు గిన్నెలు తాగిండు, ఆని కాళ్లు సూడు. మంత్రమే అయితే నీ ఇంట్ల ఒక్కన్ని ఇడిసిపెట్టి ఒక్కన్ని పడుతదా? నువ్వే చెప్పు."

రామస్వామి పెద్దకొడుకు వంక చూశాడు. జనమంతా చూశారు. అతను సిగ్గుపడి కాళ్లు దగ్గరికి తీసుకున్నాడు. అయినా రామస్వామి, "ఆ హైదరాబాదు పోరి చెప్పింది, ఇది పట్టుకొచ్చింది" అని గొణిగాడు. గొంతులో మునుపటి బలం లేదు.

అప్పుడు జనం వెనక టకటకమని కర్రల చప్పుడైంది. రాజన్న. ఇంటి నుంచి చావడి దాకా రెండు వందల అడుగులుంటుంది. మునివేళ్ల మీద, మోకాళ్లు రాసుకుంటూ, రెండు చోట్ల పడి లేచి, దుమ్ము కొట్టుకుని వచ్చాడు. గోడల మీదుగా పెళ్లాం గొంతు వినబడి బయల్దేరాడట. ఆ గొంతు వినబడకపోతే కదా ఆశ్చర్యం! అతను ముత్తవ్వ దాకా వచ్చి ఆగి, ఊపిరి తీసుకున్నాడు. ముత్తవ్వ తల ఎత్తలేదు. ఆ రోజు తలుచుకుంటే చివరి దాకా ఆమె చెప్పేది ఒకటే, పటకారుకు భయపడలేదు గానీ ఆ మనిషి నోరు తెరిచే లోపల మాత్రం చచ్చి బతికానని.

"ఇది పోసింది, నేను తాగిన" అన్నాడు రాజన్న. "ఇంట్ల ఉన్నదాంట్ల మంచిదేందో అదే నాకు పోసింది. తాను ఒక్క చుక్క ముట్టలె. కోపమంటూ ఉంటే నాకుండాలె, మీకెందుకుండాలె? నాకైతే లేదు. కాళ్లు పోయినయి, పోనీ. ఈ ముసలవ్వ పానం తీస్తే నా కాళ్లు ఎనకకు వస్తయా? ఇప్పుండ్రి తాళ్లు."

చెట్టు కింద కూర్చున్న పోశం కర్ర ఊతంగా లేచాడు. "లస్మీ, ఏడ్సకు. నాకు గూడ లేదు కోపం" అన్నాడు. అంతే, లస్మవ్వ ముత్తవ్వ భుజం మీద పడి బావురుమంది. కొట్టిన చెంపనే తడిమింది. ఓదెలు పెళ్లాం చేయి పట్టుకున్నాడు. రామస్వామి ఎవరికీ చెప్పకుండా తనే వంగి శంకరవ్వ కట్లు విప్పాడు.

శంకరవ్వ మణికట్లు రుద్దుకుంది. ముత్తవ్వ వంక ఒక్కసారి చూసి తన గుడిసెకు నడిచి పోయింది. ముత్తవ్వ వెనకాల పోతే మొఖం మీదే తడిక వేసింది.

మధ్యాహ్నానికి జగిత్యాల పోయినవాళ్లు వచ్చేసరికి ఆడవాళ్లంతా ఇళ్లల్లో మిగిలిన లంకలు తట్టల్లో ఎత్తుకుని గడికి పోతున్నారు. ముందు ముత్తవ్వ, పక్కన లస్మవ్వ. దొర కొట్టం ముందర తట్టలు కుమ్మరించి, "మీ ఎడ్లకు పెట్టుకోండ్రి దొరా, మాకొద్దు" అంది ముత్తవ్వ. అరుగు మీది బాపు రావు మండిపడి, "తెలివుందా మీకు? ఇవి పెడితే ఎడ్ల కాళ్లు పడిపోవా?" అన్నాడు.

అన్నాక గానీ ఏమన్నాడో ఆయనకే అర్థం కాలేదు. ఎడ్లకు పెట్టకూడదని తెలుసు! తెలిసీ మనుషులకు కొలిచి పోశాడు! ఆడవాళ్లు ఎవరూ తిట్టలేదు. ముత్తవ్వ కూడా తిట్టలేదు, అందరికీ అదే వింత. "అందరు ఇన్నరు గదా?" అని మాత్రం అడిగింది. ఆ మర్నాటి నుంచి ఒక్క జీతగాడూ, ఒక్క కూలీ దొర పొలంలో అడుగు పెట్టలేదు. ఊళ్లో సంఘం ఎలా పుట్టిందని ఎవరడిగినా ఆ మాట దగ్గరే మొదలుపెడతారు. పద్దెనిమిది రోజులు పొలం బీడు పడ్డాక, తొలకరి నెత్తిమీదికి వచ్చాక, దొర దిగివచ్చాడు. జీతానికి జొన్నలూ వడ్లూ మాత్రమే, లంకలు ఒక్క గింజ వద్దని రాసుకున్నారు.

తర్వాత కాలం తేలిగ్గా ఏమీ గడవలేదు. జగిత్యాలలో వేలమంది ఊరేగింపు తీశారు, దసరా దాటగానే సర్కారు ఆ తాలూకాను, సిరిసిల్లను కల్లోలిత ప్రాంతమంది. ఊళ్లలో పోలీసు క్యాంపులు పడ్డాయి. రత్నమాల మళ్లీ రాలేదు. జైల్లో ఉందని ఒకరు, కాదు హైదరాబాదులో పాఠాలు చెబుతోందని ఇంకొకరు అన్నారు. ముత్తవ్వ రెండోదే నమ్మింది. పోలీసులు వచ్చి సంఘం పెద్దలెవరని అడిగితే, "లంకలు" అని జవాబిచ్చి లాఠీ దెబ్బ తిన్నదంటారు. ఆ నోటికి అది అబద్ధం కాకపోవచ్చు.

రాజన్న కాళ్లు మళ్లీ రాలేదు. చచ్చిన నరం చిగురించదని రత్నమాల ముందే చెప్పింది. కానీ లంకలు మానాక ఉన్నకాడికి ఆగిపోయాయి. కొత్తగా ఒక్క మనిషీ పడలేదు. రామస్వామి చిన్నకొడుకు ఒక్క కర్రతో నడిచేదాకా వచ్చాడు. రాజన్న సిరిసిల్లలో సాంచాలనే కరెంటు మగ్గాల దగ్గర కూర్చుని కండెలు చుట్టే పని చూసుకున్నాడు. మగ్గానికి నూలు అందించే ఆ పనికి చేతులు చాలు. మొదటి వారం జీతంతో బిడ్డకు గాజులు, పెళ్లానికి రవికె గుడ్డ కొనుక్కొచ్చాడు. "కుట్టించుకోవే, సూసి మురిసిపోత" అన్నాడు. ముత్తవ్వ గుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఇన్ని బాగుపడినా ముత్తవ్వకు అన్నం సయించలేదు. శంకరవ్వ ఆమెతో మాట్లాడలేదు. ఊరంతా క్షమాపణ చెబితే ఊరందరితో మాట్లాడింది, రామస్వామి మనవణ్ని తన చేతులతోనే భూమ్మీదికి తెచ్చింది. ముత్తవ్వ ఎదురైతే మాత్రం దారి మార్చేది. ముత్తవ్వ రోజూ శంకరవ్వ వాకిట్లో కడవెడు నీళ్లు పెట్టి వచ్చేది. పొద్దున పెట్టిన కడవ మాపటికి అలాగే ఉండేది. "తిట్టరాదే అవ్వా, తిట్టన్న తిట్టు!" అని తడిక బయట నిలబడి బతిమాలేది. లోపలి నుంచి దగ్గు తప్ప ఏమీ వినబడేది కాదు. అలా ఎనిమిది నెలలు గడిచాయి.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం ముత్తవ్వ కూతురికి అన్నం పెడుతోంది. వాకిట్లో నీడ పడింది. తల ఎత్తితే శంకరవ్వ. గడప మీద చేయి ఆనించి ఆయాసపడుతోంది.

"ఏం వండినవే?" అంది.

ఆ రోజే ఏం పుట్టిందో, ఇంట్లో పప్పు నిండుకుని, ముత్తవ్వ తమ చెలకలో, అదే మెట్టచేలో, వాటంతటవే మొలిచిన గుప్పెడు లంకలే పొయ్యి మీద పెట్టింది. అబద్ధం చెబుదామనుకుంది. నోరు రాలేదు. "జొన్నగటుక... పప్పు. లంకలే అవ్వా. నానబెట్టి పారబోసిన, ఉడకబెట్టి పారబోసిన. రెండు నీళ్లు పారబోసిన. కానీ నువ్వు తినకు, నీకు ఉల్లిగడ్డ కారం నూరి..."

"అడిగింది చెప్పినవ్ గదా, ఇగ బంద్ చెయ్యి. పెట్టు" అంటూ ముసలిది గడప దాటి వచ్చి పీట మీద కూర్చుంది.

ముత్తవ్వ కంచంలో ఆ ఉడికిన జొన్నరవ్వ గటుక పెట్టి, పక్కన పప్పు రవ్వంత వేసింది. శంకరవ్వ ముద్ద కలిపి, నోట్లో మిగిలిన ఆ ఐదారు పళ్లతో నెమ్మదిగా నమిలి మింగింది. ఇంకో ముద్ద కలిపింది. తర్వాత కంచం ముత్తవ్వ వైపు జరిపింది.

"ఏందే, పిట్టకు పెట్టినట్టు పెట్టినవ్? ఆకలైతున్నది. ఇంకింత వెయ్యి" అంది.

ముత్తవ్వ కళ్లు తుడుచుకుంటూ వేసింది.